పంపుతోడి ప్రయాణము

బేతంచెర్ల చుట్టుపట్ల రాతిగనులలో ముప్పది యేండ్లుగా మన్ను త్రోయుచు, మూడు చేతులు మారినను తన మొండితనమును మాత్రము మార్చుకొనని యొక పసుపుపచ్చని బుల్డోజరు, మొన్నటి వానలు వెనుకబట్టిన పిదప నొక ప్రాతఃకాలమున, డ్రైవరు చెప్పిన మాట వినుట మానివేసినది. అది మా బావమరిది సొత్తు. గేరు వేయక, బ్లేడు ఎత్తక, ఊరక నిలువబెట్టి వేడి చేయుచుండగా, యాక్సిలరేటరు తగ్గించినప్పుడు తగ్గవలసిన ఇంజను తగ్గక, రొద హెచ్చించి, హెచ్చించిన రొదను మరల హెచ్చించి, పొగగొట్టమునుండి నల్లని మేఘములను వెడలగ్రక్కుచు, ఆపుటకై యుంచిన మీటను లాగినను లెక్కచేయక, మదమెక్కిన యేనుగువలె ఊగిపోయెనట. డీజిలు ఇంజనునకు పెట్రోలు ఇంజనువలె నిప్పురవ్వ అక్కరలేదు గనుక, తాళపుచెవి త్రిప్పినంతనే ఆగునది కాదు. దానికి కావలసినవి నూనెయు గాలియు. నూనె తన వశమున లేదని గ్రహించిన డ్రైవరు, గాలినైనను కట్టవలెనని ఎయిర్ క్లీనరు గొట్టమును ఊడబెరికి, ప్రక్కన పేర్చియున్న నాపబండలలో నొకదానిని రెండు చేతుల నెత్తి, గాలి పీల్చు రంధ్రమునకు అడ్డముగా నదిమెను. బండ ఠప్పున అతుక్కొనిపోయెను. ఇంజను రెండుమూడు మారులు ఎగిరిపడి ప్రాణము విడిచెను.

“బావా, ఇంకొక్క నిమిషం ఆడింటే ఇంజను ముక్కలు బనగానపల్లెలో ఏరుకుంటాంటిమి,” అని మా బావమరిది నాకు ఫోనులో చెప్పినప్పుడు, ఆతని కంఠమున భయముకంటె, డ్రైవరు సమయస్ఫూర్తినిగూర్చిన గర్వమే హెచ్చుగా వినవచ్చినది.

రోగము పుట్టినది ఆనాడు కాదు. రెండు నెలలనుండి ఆ యింజను చల్లగా నున్నప్పుడు లేచుచు, వేడెక్కిన పిదప ఆపినచో మరల లేవక, వేపచెట్టు నీడన గంటసేపు చల్లారిన గాని కదలకుండెను. ఎత్తు నెక్కునప్పుడు ఆయాసపడుచుండెను; ఊరక తిరుగునప్పుడు సైతము ఒకే వేగమున నిలువక, ఒకసారి హెచ్చుచు నొకసారి తగ్గుచు ఉయ్యాల లూగుచుండెను. ఆ ఫోను వచ్చిన పిదప నేను పండుగకు అచ్చటికి వెళ్ళితిని. పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడనగుటచే, ఇంటివా రెల్లరు పనిమీద నుండగా నే నొక్కడనే పనిలేనివాడనై, ఆ గని యొద్ద చేరి యంత్రవైద్యమును వినుచు కూర్చుంటిని. ఇంజనును విప్పనక్కరలేదనియు, దాని ప్రక్కన బిగించిన ఇంజెక్షను పంపును దింపిన చాలుననియు డ్రైవరు తేల్చివైచెను.

“ఎలిమెంట్లు అరిగినాయి అయివారూ. ర్యాకు పట్టేసింది. వేడెక్కితే డీజిలు పల్చనయి సందుల్లోంచి జారిపోతాది, ఇంగ ఇంజను యాడ లేస్తాది?”

నంద్యాలలోను కర్నూలులోను పంపులు బాగుచేయువారు లేకపోలేదు. కాని డ్రైవరు ప్రాణము బెజవాడ ఆటోనగరులోని యొక మేస్త్రిమీదనే యుండెను. పంపు బాగుపడువరకు డ్రైవరుకు గనిలో పనిలేదు. నాకు ఎచ్చటను పనిలేదు. పైగా కృష్ణలో మునిగి చాలకాలమైనది. ఇట్లు మా యిద్దరి యాత్ర నిశ్చయమైనది.

పంపు దింపుట నేను చూచితిని. కప్లింగు బోల్టులు వదులు చేయకముందే, పంపు అంచుమీదను ఇంజను అంచుమీదను ఒకే వరుసలో ఉలితో నొక గీత గీసి, ఆ గీత దుమ్ములో కనబడదేమోయని దానిపై సున్నము రాచి, తరువాతగాని డ్రైవరు పానా చేతబట్టలేదు. ఆరు ఇనుపగొట్టములను ఊడదీసి, తెరచుకొన్న నోళ్ళన్నిటికిని గుడ్డపీలికలు కుక్కి, లోపలి డీజిలునంతయు చుక్క మిగులకుండ వంచి, ఇరువది కిలోల దరిదాపుగా నున్న యా వస్తువును పాత పంచెలో చుట్టి గోనెసంచిలో పెట్టెను.

బేతంచెర్లలో రైలెక్కితిమి. సంచి బల్లక్రిందికి పట్టకపోగా మా కాళ్ళనడుమ నిలువబెట్టితిమి. నంద్యాలలో నెక్కిన యొక ముసలమ్మ, పంచె సందునుండి కనబడుచున్న ఆరు శిరస్సులను తేరిపార జూచి, తన కాలు తగులకుండ సంచిని మర్యాదగా ప్రక్కకు జరిపి, “ఏ దేవుడు నాయనా?” అని యడిగినది. “డీజిలు దేవుడవ్వా,” అని డ్రైవరు నవ్వక చెప్పెను. ఆమెయు నవ్వలేదు. ఆ దేవునికి తిరునాళ్ళు ఏ నెలలోనని యడిగి, సమాధానము రాకముందే నిద్రపోయినది.

గాజులపల్లె దాటినపిదప రైలు నల్లమలలో ప్రవేశించును. ఈ త్రోవను పదిమార్లు పోయినవాడైనను ఇచ్చట కిటికీ విడువలేడు. వానలకు తడిసిన వెదురుపొదలును, కొండచరియలనుండి జారుచున్న సన్నని నీటిపాయలును, చెట్లనడుమ నొక్కక్షణము మెరసి మాయమగు లోయలును చూచుచుండగనే సొరంగపు చీకటి మీదపడును. ఆ చోటి పేరు బొగద. మరాఠీ భాషలో బోగదా యనగా సొరంగమే. ఒకప్పుడు మీటరుగేజి రైళ్ళు నడచిన దొరబావి వంతెనమీదుగా పోయిన మా చిన్ననాటి ప్రయాణమును డ్రైవరుకు చెప్పబోగా, ఆతడు వేరొక ప్రశ్న వేసెను.

“అయివారూ, మీరు భాష చదివినోళ్ళు గదా. డీజిలనేది ఏ భాష మాట?”

నలుబది యేండ్ల ఉద్యోగములో నన్నెవ్వరును ఈ వ్యుత్పత్తి నడుగలేదు. అది మాట కాదనియు, మనిషి పేరనియు చెప్పితిని. రుడాల్ఫ్ డీజిలను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున, నిప్పురవ్వతో పనిలేక, అణచిన గాలి వేడిమికే నూనెను మండించు యంత్రమును నడిపి చూపెను. అయితే ఆ నూనెను సిలిండరులోనికి పంపుట కాతనికి వేరొక మార్గము దొరకక, మిక్కిలి యొత్తిడిగల గాలితో ఊదించెను. ఆ గాలిని సిద్ధపరచు కంప్రెసరు మరియొక యంత్రమంత పెద్దది. అందుచేత నా యింజను ఓడలలోను కర్మాగారములలోను నిలిచిపోయినదే కాని రోడ్డెక్కలేదు. అది రోడ్డెక్కుటను డీజిలు చూడకయే పోయినాడు: 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఇంగ్లండునకు పోవు ఓడలో భోజనము చేసి తన గదికి వెళ్ళినవాడు మరునాటికి కనబడలేదు, కొన్నాళ్ళకు శవము సముద్రమున తేలినది. పిమ్మట స్టుట్‌గార్ట్‌లో మాగ్నెటోలు చేయుచుండిన రాబర్ట్ బాష్ కంపెనీవారు 1922లో ఈ చిక్కును చేపట్టి, 1927లో, గాలితో పనిలేక నూనెనే నేరుగా కొలిచి, నొక్కి, చిమ్ము పంపును విరివిగా చేయసాగిరి. ఇప్పుడు మన కాళ్ళనడుమ నున్నది ఆ వంశమువాడే యంటిని.

డ్రైవరు చాలసేపు మాటాడలేదు. “సముద్రంలో పడినాడా?” అని మాత్రము కంభము దాటినపిదప నడిగెను. ఆ పేరులో నింత దుఃఖమున్నదని యాతడు అనుకొనలేదు కాబోలు. కిటికీకి ఆవల, కొండల సందున కట్టిన ఆ ఊరి పురాతనమైన చెరువు ఎచ్చటనో మెరయుచుండవలెనని మెడ చాచి చూచితిని గాని నాకు కనబడలేదు. మార్కాపురము పలకలు, దొనకొండ పాత విమానాశ్రయము, వినుకొండ కొండ, అన్నియు చీకటిలో నొక్కటొక్కటిగా వెనుకబడిపోయినవి. కృష్ణ వంతెనమీద రైలు గలగలలాడునప్పటికి అర్ధరాత్రము సమీపించినది.

జవహర్ ఆటోనగరమున ఉదయము తొమ్మిదింటికే చెవులు పనిచేయుట మానివేయును. ఒక వీథిలో లారీల చట్రములకు కొలిమిపని, ఒక వీథిలో బాడీలకు రేకుపని, ఒకచోట కమాన్‌పట్టీలు, ఒకచోట రేడియేటర్లు, ఒకచోట ఊరక సీటు కుట్లు. మన పల్లెలలో కులమున కొక వీథి యున్నట్లు ఇచ్చట లారీలోని అంగమున కొక వీథి గలదు. సమ్మెటల మ్రోతయు, వెల్డింగు వెలుగులును, గ్రీజు వాసనయు దాటి మేస్త్రి యంగడికి చేరి, లోపలి గది తలుపు తెరచినప్పుడు నాకు తోచిన యాశ్చర్యము, సంతనుండి గర్భాలయమున కడుగిడినవానికి తోచునట్టిది. నేల తుడిచి తడిపియున్నది, దుమ్ము లేవకుండుటకు. కిటికీలు బిగించియున్నవి. తిరుగుచున్న పంఖాను సైతము, మా సంచి విప్పబోవునప్పుడు, మేస్త్రి కట్టించివైచెను.

“ఫ్యాన్ కట్టెయ్‌రా! మేష్టారూ, కాస్త ఉక్కపోస్తుంది, ఏమనుకోకండి. గాలికి లేచిన దుమ్ము దీనికి విషమండీ.”

బెజవాడ యుక్క ఎట్టిదో ఎరిగినవారికి ఆ వాక్యపు బరువు తెలియును.

ఆయన కరువదియేండ్లు దాటియుండును. మొదట పంపును తాకనే లేదు. చుట్టిన పంచెను చూచి, గొట్టములలో కుక్కిన గుడ్డపీలికలను చూచి, వాని పోగులు లోపలబడిన ఏమగునో డ్రైవరుకు నాలుగు మాటలలో చెప్పి, ఆ పిదప పైభాగమును కిరోసినుతో కడిగించి, తాను చేతులు కడుగుకొని కూర్చుండెను. ఆరు గళ్ళు గల యొక తట్ట తెప్పించెను. విప్పిన భాగములను, మొదటి సిలిండరువి మొదటి గడిలో, రెండవదానివి రెండవ గడిలో, ఇట్లు ఒకదానితో నొకటి కలియకుండ పెట్టుచుండెను.

ఆ గళ్ళలోని యినుప జంటలే ఎలిమెంట్లు. చిటికెనవ్రేలంత లావు గల యొక కడ్డీ, అది జారుట కొక గొట్టము. వాని నడుమ సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు. తలవెంట్రుక మందము దానికి ఇరువది రెట్లకు పైమాట. ఆ సందులో ఏ ఉంగరమును, ఏ తోలును, ఏ రబ్బరును లేదు. లోహమున కెదురుగా లోహమే నిలిచి, వాతావరణపు టొత్తిడికి కొన్ని వందల రెట్లు ఒత్తిడిలో డీజిలు వెనుకకు రాకుండ ఆపవలెను. వానిని కందెనవలె కాపాడునదియు ఆ డీజిలే.

మేస్త్రి పెట్టెనుండి క్రొత్త యెలిమెంటు నొకదానిని తీసి, శుభ్రమైన డీజిలులో ముంచి, గొట్టమును నిలువుగా పట్టుకొని, కడ్డీని మూడవవంతు పైకిలాగి వదలెను. అది పడలేదు; దిగెను. తొందరలేక, ఆగక, నిండుగర్భిణి మెట్లు దిగినట్లు, తన బరువుతోనే తాను మెల్లగా దిగెను. తరువాత మా పంపులోనిదానిని అట్లే యెత్తి వదలగా టక్కున జారిపడినది. మూడవ గడిలోనిది మాత్రము కదలనే లేదు. దానిని దీపమున కెదురుగా పట్టి చూపెను: అద్దమువంటి నునుపుమీద గోధుమరంగు మచ్చ యొకటి, దాని ప్రక్కన నిలువుగా నాలుగు గీతలు.

“నీళ్ళు తాగించారండీ దీనికి,” అనెను. డ్రైవరు తల వంచుకొనెను.

అయిదు బాగుండి ఒకటి చెడినచో ఆ యొక్కదానినే మార్చరాదా, లేక ఒకదాని కడ్డీని మరొకదాని గొట్టములో వేయరాదా యని నే నమాయకముగా నడిగితిని.

“జోడు తప్పితే చెప్పులే కరుస్తాయి కదండీ మేష్టారూ, ఇవి కరవ్వా? దేనికి దాన్నే కలిపి నూరతారండీ. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ వేస్తే ఆరూ ఒక్కలా పొయ్యవు.”

కడ్డీ పక్కన గండిపెట్టినట్లు ఏటవాలుగా చెక్కిన యంచును చూపి, ఆయన నాకు పంపు రహస్యమును బోధించెను. డ్రైవరు కాలు నొక్కినను నొక్కకున్నను కడ్డీ పైకెగయు ఎత్తు మారదు. క్రింద తిరుగు క్యామ్‌షాఫ్టు దానిని ప్రతిమారును అంతే ఎత్తును. మారునది దాని ముఖము. ర్యాకు అను పండ్లబద్ద ఆరు కడ్డీలను ఒక్కసారిగా కొంచెము త్రిప్పును; అప్పుడు ఆ ఏటవాలు అంచు గొట్టపు రంధ్రమును ముందుగనో వెనుకగనో తెరచును; ముందుగా తెరచిన తక్కువ డీజిలు పోవును, ఆలస్యముగా తెరచిన ఎక్కువ పోవును; నిలువు గాడి రంధ్రమున కెదురుగా వచ్చినచో చుక్కయు పోదు, ఇంజను ఆగును. మా బుల్డోజరు ఆగకపోవుటకు కారణ మిప్పుడు నాకు బోధపడినది. నీటితుప్పున మూడవ కడ్డీ గొట్టములో బిగిసికొనగా, దానితో బద్ద బిగిసినది. వేగమును అదుపుచేయు గవర్నరు గుండ్లు ఎంత విచ్చుకొని వేగమును తగ్గింపుమని త్రోసినను ఆ బద్ద కదలక, ఆరు సిలిండర్లకు నూనె పోయుచునే యుండెను.

తుప్పు దులిపి, బేరింగులు మార్చి, గవర్నరు స్ప్రింగులు క్రొత్తవి వేసి, ఆరు ఎలిమెంట్లను, డెలివరీ వాల్వులను జతలతో సహా మార్చి పంపును మరల కూర్చుటకు ఒకదినము పట్టినది. డెలివరీ వాల్వును గూర్చి యొక మాట చెప్పవలెను. చిమ్ముట ముగియగనే అది తన గద్దెమీదికి దిగుచు, గొట్టములోని డీజిలును ఆవగింజంత వెనుకకు గుంజుకొనును; ఆ గుంజుట లేనిచో నాజిలు కొననుండి చివరిచుక్క కారి, మండక పొగయగును. వడ్డన ముగించుచు నేతిగిన్నె అంచున గరిటెను తుడుచు ఇల్లాలికి ఈ కిటుకు ముందే తెలియును.

ఆ దినము నేను కృష్ణలో మునిగితిని, కొండయెక్కి అమ్మవారిని చూచితిని, మధ్యాహ్నము నిద్రపోతిని. వీనిని గురించి వ్రాయుటకు నాకు ముందు చాలమంది కలరు.

మరునాటి పనియే నేను మరువలేనిది. పంపును టెస్టింగు బెంచికి బిగించిరి. ఆ బెంచిమీద మోటారు పంపును త్రిప్పును. ఆరు గొట్టముల డీజిలు ఆరు నాజిళ్ళగుండ ఆరు గాజుకొలతలలో పడును. ముందు సమయమును సరిచూచిరి: పంపు ఒకచుట్టు తిరుగునంతలో ఆరుమార్లు, అరువదేసి డిగ్రీల యెడముతో, ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అను వరుసలో చిమ్మవలెను, అరడిగ్రీకి మించి తేడా రాగూడదు. తేడావచ్చిన చోట ట్యాపెటును ఇంచుక హెచ్చించి తగ్గించిరి. పిదప పరిమాణము. ఇన్ని పోట్లని లెక్కపెట్టి పోయించి ఆపగా, ఆరు గాజులలో ఆరు మట్టములు నిలిచెను. మేస్త్రి కండ్లద్దములు పైకెత్తి, ముఖమును గాజుల మట్టమునకు దించి చూచి, నాలుగవ కడ్డీ పట్టుమరను వదలించి, వెంట్రుకవాసి త్రిప్పి, బిగించి, మరల పోయించెను. మరల చూచెను. మరల పోయించెను.

పూర్తి బరువు మోయునప్పుడు సైతము ఒక్కొక్క పోటునకు పోవు డీజిలు రెండుమూడు చుక్కలకు మించదు. నిమిషమునకు పదునెనిమిది వందల చుట్లు తిరుగు ఇంజనులో అట్టి పోట్లు సెకనుకు తొంబది. నేను నలుబది యేండ్లు పిల్లలకు లఘువొక మాత్ర, గురువు రెండు మాత్రలని బల్లమీద గీతలుగీసి చెప్పినవాడను. ఒక మాత్ర హెచ్చినను తగ్గినను పద్యపాదము కుంటునని అదలించినవాడను. ఆ గది మూలనున్న ముక్కాలిపీటమీద, చెమట కారుచుండ, ఆరు మట్టములు ఒక్క గీతకు వచ్చుట చూచుచున్నప్పుడు, మాత్ర యను మాటను నేను పుస్తకమున మాత్రమే చదివితినని నాకు సిగ్గువేసినది. ఆరవ సారికో ఏడవ సారికో మేస్త్రి తల యూపెను. హెచ్చుమోతాదు మరకు తీగచుట్టి, సీసపుముద్ర వేసెను.

నాజిళ్ళ పరీక్షకు నన్ను దూరముగా నిలువుమనెను. చేతిపంపు కొట్టగా కీచుమని చప్పుడుచేసి వెడలిన ఆ తుంపర మంచువలె కనబడునే కాని చేయి యడ్డుపెట్టిన చర్మము చీల్చుకొని లోనికి పోవునట. పూర్వ మొక కుర్రవాని వ్రేలు అట్లే పోయినదని, పేరు చెప్పక, చెప్పెను.

బయలుదేరునప్పుడు ఆయన చెప్పినవి రెండే. మొదటిది ఫిర్యాదు: ఈ కాలపు డీజిలులో జిడ్డులేదని. అందు కొంత నిజమున్నది. 2020 ఏప్రిలునుండి మనదేశమున అమ్ము డీజిలులో గంధకము పదిలక్షలకు పది పాళ్ళు మించరాదు. గంధకమును తీయు శుద్ధిలో దాని సహజమైన జారుడుగుణమును కొంత పోవును గనుక, శుద్ధి చేయువారే వేరు మందు కలిపి పంపుదురు. రెండవది డ్రైవరు కేసి చూచి చెప్పెను. “డ్రమ్ము నిలబెట్టకు. రాయి ఎత్తుపెట్టి వాలుగా పడుకోబెట్టు. నీళ్ళు వెనక్కి దిగుతాయి. కుళాయి ఉన్న వైపు పైకుండాలి. అడుగుది ఎప్పుడూ వాడకు.”

తిరుగు ప్రయాణమున చెప్పదగినదేమియు జరుగలేదు. ఈసారి సంచిలోని నోళ్ళకు గుడ్డలు గాక ప్లాస్టికు మూతలుండెను.

గనిలో పంపు నెక్కించునప్పుడు సున్నపుగీత పనికివచ్చినది కాని డ్రైవరు దానితో తృప్తిపడలేదు. మొదటి డెలివరీ వాల్వును తీసి, ఆ చోట వంపుతిరిగిన చిన్నగొట్టము బిగించి, ఫీడు పంపును చేతితో కొట్టించుచు, ఇంజనును కడ్డీతో నంగుళమంగుళముగా త్రిప్పించెను. గొట్టమునుండి ధారగా కారుచున్న డీజిలు సన్నగిలి, తీగయై, బొట్లయి, బొట్టునకు బొట్టునకు నడుమ ఎడము హెచ్చి, ఆగెను. ఆగినచోట ఫ్లైవీలు గుర్తును చూచి, కప్లింగు బిగించెను. పిమ్మట గాలి తీయుట: మర వదలించి చేతిపంపు కొట్టగా మొదట నురుగు, తరువాత బుడగలు, కడపట గాజువంటి డీజిలు.

ఇంజను రెండుమార్లు దగ్గి, తెల్లపొగ వదలి, నాలుగు సిలిండర్లతో కుంటి, ఆరింటితో లేచినది. మా బావమరిది బండి కదలునని ప్రక్కకు తొలగెను. డ్రైవరు కదలించలేదు. ఆపుమీటను లాగెను. ఆగెను. మరల లేపి, మరల లాగెను. మూడవమారును వేగము హెచ్చించి లాగెను. మూడుమార్లును చెప్పినమాట విన్నపిదపగాని గేరు వేయలేదు.

సాయంకాలము డ్రమ్మును వాలుగా పండబెట్టితిమి. కుళాయివైపు ఎత్తుపెట్టుటకు బండ కావలసివచ్చి నేను చుట్టును చూడగా, డ్రైవరు సీటు వెనుక నొకటి కనబడినది. దుమ్ము తుడిచి నిలువబెట్టిన నాపబండ, నడుమ గుండ్రని నల్లని మసిముద్ర. చేయి చాచితిని.

“అది వద్దు అయివారూ, అది ఈడనే ఉండనీ,” అనుచు, గుట్టనుండి వేరొకదానిని తానే తెచ్చి డ్రమ్ము క్రింద నెత్తుపెట్టెను.